గొలుసుకి మాగ్నెట్ లాక్ పెట్టుకోవచ్చా?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: రెండు కొసలూ దగ్గరికి తేగానే టక్కున అతుక్కునే మాగ్నెట్ లాకులు. గొలుసులకి, ముత్యాల దండలకి, బ్రేస్‌లెట్‌లకి, చివరికి ముక్కుపుడకలకి కూడా ఇవే వస్తున్నాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వీటికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా అమ్మకి 68 ఏళ్లు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. ముత్యాల దండ కొక్కెం తనంతట తను పెట్టుకోలేదు, ప్రతిసారీ ఒకరిని పిలవడం ఆవిడకి నామోషీగా ఉంటుంది. పాత కొక్కేనికే తగిలించుకునే మాగ్నెట్ లాకులు ఆన్‌లైన్‌లో చూశాను. కానీ నాన్నగారికి పోయినేడాది పేస్‌మేకర్ వేశారు. ఆయనకి ఏమైనా అవుతుందా? రోజూ మెడ మీద మాగ్నెట్ ఉండటం అమ్మకైనా మంచిదేనా?
– ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మకి తీసుకోండి. నిక్షేపంగా తీసుకోండి. మెడ వెనక, కంటికి కనపడని చోట, గోరంత కొక్కేన్ని ఒక చేత్తో నొక్కిపట్టి రెండో చేత్తో రింగు వెతుక్కోవడం కీళ్లు బాగున్నవాళ్లకే చికాకు. వేళ్లు సహకరించనివాళ్లు, భుజం పైకి లేవనివాళ్లు, చేతులు వణికేవాళ్లు, పక్షవాతం వచ్చి ఒక చెయ్యే పనిచేసేవాళ్లు మెల్లగా నగ పెట్టుకోవడమే మానేస్తారు. ఎందుకమ్మా బోసి మెడతో ఉన్నావంటే "ఈ వయసులో నాకెందుకులే" అంటారు. అసలు కారణం వయసు కాదు, ఆ కొక్కెం. కాబట్టి మీరు ఇది గమనించడమే చాలా సంతోషంగా ఉంది.

ఆవిడ ఒంటికి ఏమీ కాదు. రక్తంలో ఇనుము ఉంది కదా, దాన్ని లాగేస్తుందేమో అని చాలామంది అడుగుతుంటారు. ఆ ఇనుము హిమోగ్లోబిన్‌లో కలిసిపోయి ఉంటుంది, మేకులా వచ్చి మాగ్నెట్‌కి అతుక్కునే ఇనుము కాదది. ఎమ్మారై మిషన్‌లో 1.5 టెస్లా, 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) అయస్కాంతం మధ్య అరగంట పడుకుని లేచి ఇంటికొస్తున్నాం, రక్తం ఎక్కడా ఆగట్లేదు.

ఇక నాన్నగారి సంగతి. ఇక్కడ మాత్రం జాగ్రత్త పడాలి, ఎందుకో అర్థమైతే టెన్షన్ లేకుండా జాగ్రత్త పడొచ్చు. ఇలాంటి మాగ్నెట్ల చుట్టూ మారకుండా ఉండే అయస్కాంత క్షేత్రం విషయంలో సాధారణ ప్రజలకి ఎంతవరకు ఫర్వాలేదో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఒకటుంది, పేరు ఐసీఎన్ఐఆర్పీ. 2009లో అది పెట్టిన పరిమితి 400 మిల్లీటెస్లా (వెయ్యి మిల్లీటెస్లాలు ఒక టెస్లా). కానీ ఒంట్లో పేస్‌మేకర్ లాంటి పరికరాలు ఉన్నవాళ్ల విషయంలో 0.5 మిల్లీటెస్లా దగ్గరే జాగ్రత్త పడాలని అదే సంస్థ చెప్పింది. ఎనిమిది వందల రెట్ల తేడా! అంటే సమస్య మనిషి శరీరంతో కాదు, లోపల పెట్టిన పరికరంతో. పేస్‌మేకర్‌లో మాగ్నెట్‌ని గుర్తుపట్టే ఏర్పాటు కావాలనే పెడతారు, డాక్టర్లు అవసరమైనప్పుడు పైన మాగ్నెట్ పెట్టి దాన్ని పరీక్షిస్తారు. మాగ్నెట్ బాగా దగ్గరికి రాగానే పేస్‌మేకర్ గుండె సొంతంగా ఎలా కొట్టుకుంటుందో చూడటం మానేసి, ఒకే వేగంతో కొట్టించడం మొదలుపెడుతుంది. మాగ్నెట్ తీసేస్తే మామూలుగా మళ్లీ తన పద్ధతిలోకి వచ్చేస్తుంది. గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం, అంటే ఐసీడీ, ఉన్నవాళ్లకి ఇది ఇంకా ప్రమాదం. మాగ్నెట్ మీద ఉన్నంతసేపూ అది షాక్ ఇవ్వకుండా ఊరుకుంటుంది, సరిగ్గా అప్పుడే అవసరం పడిందంటే ప్రాణం మీదికి వస్తుంది.

దూరం పెరిగేకొద్దీ మాగ్నెట్ బలం చాలా వేగంగా పడిపోతుంది. సెల్‌ఫోన్లు, స్మార్ట్ వాచీల విషయంలో అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే సంస్థ ఎఫ్‌డీఏ చెప్పిన లెక్క 15 సెంటీమీటర్లు, మన భాషలో దాదాపు అర అడుగు. లాక్ విషయంలోనూ అదే పాటించండి. అమ్మ దండ వేసుకుని నాన్నగారి పక్కన కూర్చుని టీవీ చూస్తే ఏమీ కాదు. ఆయన భుజం మీద తల వాల్చినప్పుడు, పడుకున్నప్పుడు లాక్ దగ్గరవుతుంది కాబట్టి రాత్రి తీసి పెట్టేయాలి. నాకు వీటన్నిటికంటే ఎక్కువ భయమేసేది ఇంకోటి ఉంది. గుడిలోనో, స్కానింగ్ సెంటర్లోనో, పెళ్లిలో భోజనాల దగ్గరో అమ్మ దండ తీసి "ఇది కాస్త పట్టుకోండి" అని నాన్నగారి చేతికిస్తుంది. ఆయన ఎక్కడ వేసుకుంటారు? చొక్కా ఎడమ జేబులో. పేస్‌మేకర్ సాధారణంగా ఉండేది ఎడమ వైపే, కాలర్ బోన్ కింద. ఈ ఒక్క సంగతి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు తమ మెడలో మాత్రం ఈ లాక్ పెట్టుకోకూడదు. లాక్ వెనకే ఉంటుంది కదా అనుకుంటాం, కానీ పెండెంట్ బరువు తక్కువైతే గొలుసు తిరిగిపోయి లాక్ ఛాతీ మీదికి వచ్చేస్తుంది. చెవుడుకి కాక్లియర్ ఇంప్లాంట్ వేయించుకున్నవాళ్లు, మెదడులో నీరు చేరితే వేసే షంట్ అనే గొట్టం ఉన్నవాళ్లు కూడా డాక్టర్ని అడగకుండా పెట్టుకోవద్దు. కొన్ని రకాల షంట్లలో వాల్వ్‌ని బయటి నుంచి మాగ్నెట్‌తోనే సెట్ చేస్తారు, కాబట్టి దగ్గరికొచ్చిన ఇంకో మాగ్నెట్ ఆ సెట్టింగ్ మార్చేయగలదు.

కొనేటప్పుడు రెండు ముక్కలూ పైపైన అతుక్కునే రకం వద్దు. ఒకటి ఇంకోదాని గాడిలో కూర్చునే రకం చూడండి. మాగ్నెట్‌ని ఎదురుగా లాగితే బాగానే బిగిసి ఉంటుంది, పక్కకి జరిపితే సులువుగా ఊడిపోతుంది. గాడి ఉంటే ఆ పక్కకి జరగడం ఉండదు. వేసుకునే ముందు దండ ఒక కొస పట్టుకుని, లాక్ మూసి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపి చూడండి.

ప్రశ్న: నేను రుషికొండ ఐటీ హిల్ మీద పనిచేస్తాను. మాగ్నెట్ బ్రేస్‌లెట్ పెట్టుకున్న రోజుల్లో నా లాప్‌టాప్ ఉన్నట్టుండి స్క్రీన్ ఆఫ్ అయిపోతోంది. సిస్టమ్స్ వాళ్లు చూసి ఏమీ లేదన్నారు. ఇది నా భ్రమా?
– మధురవాడ నుంచి

జవాబు: భ్రమ కాదు, బ్రేస్‌లెట్టే. మూత వేశారో లేదో తెలుసుకోవడానికి చాలా లాప్‌టాప్‌లలో మూత అంచున చిన్న మాగ్నెట్, కీబోర్డు వైపు దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. మీ మణికట్టు ఆ సెన్సర్ మీదికి రాగానే మూత పడిందనుకుని అది నిద్రపోతుంది. చెయ్యి తీస్తే లేస్తుంది, పాడవ్వదు.

చేతికి మాగ్నెట్ లాక్ నాకైతే నచ్చదు. మెడ వెనక అది ఎవరి జోలికీ వెళ్లదు. మణికట్టు అలా కాదు, బీరువా తలుపు, కత్తి, తాళంచెవులు, బస్సులో కడ్డీ, అన్నిటికీ తగులుతూనే ఉంటుంది. ఏదో ఒకదానికి అతుక్కుని, చెయ్యి లాగేసరికి లాక్ విడిపోయి, బ్రేస్‌లెట్ ఎక్కడ పడిందో కూడా తెలియదు. పాత పద్ధతి కార్డుల వెనక నల్ల గీత ఉంటుంది చూశారా, అందులోని సమాచారం చెరిగిపోయే అవకాశం ఉంది, హోటల్ గది కార్డులకైతే మరీను. చిప్‌కి మాత్రం ఏమీ కాదు. ముల్లుల వాచీ ఉంటే అదే చేతికి ఇది పెట్టకండి.

ప్రశ్న: నా మూడు తులాల గొలుసుకి మాగ్నెట్ లాక్ పెట్టించుకుందామని కురుపాం మార్కెట్‌లో మాకు అలవాటైన కంసాలిని అడిగితే ఆయన వద్దంటున్నారు. పని తెలియక అంటున్నారా, నిజంగానే వద్దా?
– సీతమ్మధార నుంచి ఒక గృహిణి

జవాబు: ఆయనకి పని తెలిసే వద్దన్నారు. ఆయన మాట వినండి.

ఈ లాకుల్లో ఉండేది నియోడిమియం మాగ్నెట్. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి 1980ల మొదట్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ వేర్వేరుగా తయారుచేశారు. బియ్యపు గింజంత ముక్క కూడా అంత గట్టిగా పట్టుకుంటుందంటే దాని వల్లే. కానీ దానికి వేడి పడదు. మామూలు రకం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది, చల్లారాక కూడా పూర్తిగా తిరిగి రాదు. బంగారానికి టాకా వేసే మంట వేడి వందల డిగ్రీలు. అంటే లాక్‌ని నేరుగా గొలుసుకి అతకడం కుదరదు, విడిగా రింగు వేసి తగిలించాలి, లేదా మంట పని అంతా అయ్యాక మాగ్నెట్‌ని గమ్‌తో లోపల కూర్చోబెట్టాలి. ఆ గమ్ ఎన్నాళ్లుంటుంది? రోజూ చెమట, సబ్బునీళ్లు తగిలే చోట నేనైతే దాని మీద మూడు తులాలు వేలాడదీయను.

అసలు కారణం ఇంకోటి. కొక్కెం విడిపోవాలంటే ఎవరైనా విప్పాలి, లేదా అది విరగాలి. మాగ్నెట్ విడిపోవడానికి ఒక్క లాగుడు చాలు. చందనోత్సవం నాడు సింహాచలంలో, మార్గశిర లక్షివారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర ఆ తోపులాటలో పమిట పిన్నుకో, పక్కవాళ్ల బ్యాగు జిప్పుకో గొలుసు తగులుకుంటే చాలు, జారిపోతుంది. విరిగిన చప్పుడు ఉండదు, మెడ మీద ఒత్తిడి ఉండదు, గమనించేసరికి గర్భగుడి దాటి వచ్చేసి ఉంటారు. గొలుసు దొంగ లాగినప్పుడు మెడ కోసుకుపోకుండా సులువుగా ఊడివస్తుంది కదా అని ఇంకో పాఠకురాలు రాశారు. అదీ నిజమే, ప్రాణం కంటే బంగారం ఎక్కువ కాదు. అయితే ఆ భయం ఉన్న చోటికి బంగారు గొలుసు వేసుకెళ్లకపోవడం నయం, పూసల దండ వేసుకెళ్లండి. ఊడినా బాధ లేని నగకి ఇలా తేలిగ్గా ఊడటం మంచి గుణమే, చంటిపిల్లలు పట్టి లాగినా మెడకి బిగుసుకోదు.

మీకూ చేతులు సహకరించకే అడుగుతున్నట్లయితే ఒక దారి ఉంది. మాగ్నెట్‌తో పాటు లోపల చిన్న కొక్కెం కూడా పడే రకాలున్నాయి. మాగ్నెట్ రెండు కొసలనీ ఒకచోటికి చేరుస్తుంది, కొక్కెం బరువు మోస్తుంది. దానికి పక్కన సన్నటి సేఫ్టీ చైన్ కూడా వేయించండి. పుస్తెలతాడుకి మాత్రం ఇది కూడా వద్దు, మర తిప్పే లాకే ఉంచండి. మాగ్నెట్ లాక్‌తోనే వచ్చే కొత్త బంగారు నగ కొంటుంటే, మాగ్నెట్ బరువుని రాళ్ల బరువులాగే బిల్లులో విడిగా రాసి తీసేయమనండి. మాగ్నెట్ బంగారం కాదు, దానికి బంగారం రేటు ఎందుకు కట్టాలి? 22 కారెట్ల బంగారానికి వేసే 916 ముద్ర, ఒక్కో నగకి విడిగా ఇచ్చే ఆరు అంకెలు అక్షరాల హాల్‌మార్క్ నంబరు హెచ్‌యూఐడీ చూసుకోవడం ఎలాగూ మరవరు కదా, 2023 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి.

ప్రశ్న: మాగ్నెట్ దండ వేసుకుంటే బీపీ, మెడనొప్పి తగ్గుతాయని మా కాలనీలో ఒకరు అమ్ముతున్నారు. కొనమంటారా?
– గాజువాక నుంచి

జవాబు: వద్దు. తగ్గుతాయనడానికి ఆధారం లేదు. అందంగా ఉందనిపిస్తే దండగా కొనుక్కోండి, బీపీ మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు.

ప్రశ్న: మాగ్నెట్ లాక్ ఉన్న ముత్యాల దండతో ఆర్కే బీచ్‌కి వెళ్లొచ్చాను. లాక్ చుట్టూ నల్లగా ఏదో నూగులా పట్టుకుంది, ఇప్పుడు సరిగ్గా పడటం లేదు. పైగా మెడ వెనక దురద. ఆ నల్లదేనా కారణం?
– పెదవాల్తేరు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: రెండూ వేర్వేరు. ఆ నల్లది మన బీచ్ ఇసుకే. విశాఖ నుంచి భీమిలి దాకా తీరంలో ఇల్మనైట్, మాగ్నెటైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాలు ఇసుకలో కలిసి ఉంటాయి. అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద నల్లటి చారలు చూసే ఉంటారు, అవే. మాగ్నెటైట్ పేరులోనే ఉంది దాని గుణం, లాక్ కనిపిస్తే వచ్చి పట్టేస్తుంది. రెండు ముఖాల మధ్య సన్నటి రేణువులు దూరితే అవి పూర్తిగా ఆనుకోవు, ఆ కాస్త సందుకే పట్టు చాలా తగ్గిపోతుంది. గుడ్డతో తుడిస్తే పోదు, అటూ ఇటూ జరుగుతుందంతే. సెల్లో టేపు ముక్కని దాని మీద అద్ది లాగండి, రెండు మూడుసార్లకి శుభ్రంగా వచ్చేస్తుంది. నీళ్లలో మాత్రం ముంచకండి. నియోడిమియం మాగ్నెట్‌లో ఇనుము ఎక్కువ, పైపూత ఎక్కడైనా చిట్లిందంటే తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోతుంది, మన ఉప్పుగాలికి అది ఇంకా తొందరగా జరుగుతుంది. వేసుకొచ్చాక పొడిగుడ్డతో చెమట తుడిచి, గాలి చొరబడని డబ్బాలో పెట్టండి.

దురద నికెల్ వల్ల అయ్యుంటుంది. మాగ్నెట్ మీద పూత సాధారణంగా నికెలే. చౌక గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడతాయి చూశారా, చాలాసార్లు కారణం అదే. చెమట పడితే నికెల్ ఇంకా కరిగి చర్మానికి అంటుతుంది. కొన్నాళ్లు ఆ లాక్ మానేసి చూడండి. దురద తగ్గి, మళ్లీ పెట్టుకోగానే వచ్చిందంటే అనుమానం అక్కర్లేదు, చర్మం డాక్టర్‌కి చూపించి నికెల్ లేని రకానికి మారండి. పైన నెయిల్ పాలిష్ పూస్తే సరిపోతుందని చెప్తారు, అది నాలుగు రోజుల ముచ్చట.

ప్రశ్న: ఇంట్లో ఏడాదిన్నర మనవడు ఉన్నాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. మా కోడలి దండ లాక్ ఒక పక్క మాగ్నెట్ ఊడి కనిపించకుండా పోయింది. వాడు మింగి ఉంటాడా అని భయంగా ఉంది. ఆడుకుంటూనే ఉన్నాడు. బఠాణీ గింజంత ముక్క, దానంతటదే బయటికి వచ్చేస్తుందంటున్నారు. ఇంకో మాట, నా మనవరాలు ఇంటర్ చదువుతోంది, ముక్కు కుట్టించుకోకుండా మాగ్నెట్ ముక్కుపుడక పెట్టుకుంటానని గొడవ. అది పర్వాలేదా?
– పెందుర్తి నుంచి ఒక నాయనమ్మ

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికి రాకముందే మీకు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లమని చెప్పాం. మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను.

మాగ్నెట్ మింగాడేమో అన్న అనుమానం చాలు, వెంటనే బయల్దేరాలి. ఆడుకుంటున్నాడు కదా అని ఆగకూడదు. ఒక్క రూపాయి నాణెం మింగితే చాలాసార్లు దానంతటదే వచ్చేస్తుంది, ఆ నమ్మకంతోనే మాగ్నెట్‌ని కూడా తేలిగ్గా తీసుకుంటున్నారు. ఒకే మాగ్నెట్ అయితే అదీ వెళ్లిపోవచ్చు. కానీ రెండు మింగితే, లేదా ఒక మాగ్నెట్, ఒక ఇనప ముక్క మింగితే, అవి పేగుల్లో వేర్వేరు మడతల్లోకి వెళ్లాక కూడా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు గోడలు నలిగిపోతాయి. అక్కడికి రక్తం అందదు, కండ చచ్చిపోతుంది, కన్నం పడుతుంది. మొదట్లో కాస్త వాంతి, కడుపునొప్పి, చిరాకు, ఇంతే కనిపిస్తుంది. గ్యాసనుకుని వాము నీళ్లు పట్టించేలోపు పరిస్థితి ఆపరేషన్ దాకా వెళ్తుంది. వాడు ఎన్ని మింగాడో మనకి తెలియదు కాబట్టే ఆగొద్దంటున్నాను. అరటిపండ్లు పెట్టకండి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి, డాక్టర్ చెప్పేదాకా నోటికి ఏమీ ఇవ్వకండి. పిల్లల సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికే తీసుకెళ్లి, గేటు దగ్గర నుంచే "మాగ్నెట్ మింగాడు" అని చెప్పండి, "ఏదో మింగాడు" అంటే వరసలో కూర్చోబెడతారు. ఎక్స్‌రేలో కనిపిస్తుంది. మిగిలిన ముక్క ఉంటే అది కూడా తీసుకెళ్లి చూపించండి. అమెరికాలో 2022లో విడిపోయే మాగ్నెట్లున్న నగలకి కూడా ఒక నిబంధన పెట్టారు: మింగేంత చిన్నదైతే బలం తక్కువుండాలి, బలమైనదైతే మింగలేనంత పెద్దదిగా ఉండాలి. మన బజార్లో లాకు కొనేవాళ్లు ఆ తనిఖీ ఎవరో చేసి ఉంటారని అనుకోవద్దు. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలుంటే ఈ లాకులు ఇంటికే తేవద్దని నా మాట. పెద్దవాళ్లకి తప్పదనుకుంటే, వేసుకోని ప్రతి నిమిషం అది బీరువాలో ఉండాలి, డ్రెస్సింగ్ టేబుల్ మీద కాదు. వారానికోసారి మాగ్నెట్ గట్టిగా ఉందో ఊగుతోందో గోరుతో కదిపి చూడండి.

మీ మనవరాలి ముక్కుపుడకకి నా జవాబు కూడా వద్దనే. ముక్కు లోపల పెట్టే ముక్క జారి లోపలికి పోవడం, ఊపిరితో పాటు పీల్చేయడం, మింగేయడం, అన్నీ జరుగుతాయి. రెండు ముక్కు రంధ్రాల్లో చెరొకటి చిక్కుకుంటే మధ్య గోడని నొక్కిపట్టి పుండు చేస్తాయి, అవి ఇంట్లో తీయడానికి వచ్చేవి కావు. కుట్టించుకోవడం ఇష్టం లేకపోతే నొక్కితే పట్టుకునే తీగ ముక్కుపుడకలు దొరుకుతాయి, మాగ్నెట్ లేకుండా. పెళ్లికి నాలుగు గంటలు పెట్టుకుని తీసేయడానికి అవి సరిపోతాయి. పడుకునే ముందు తీసేయమనండి.